ఎర్రగీత పడని మాటలు

మా ఇంట్లో కంప్యూటరు తొమ్మిది నెలలుగా ఒకటే పాట పాడుతోంది. పొద్దున్నే తెరిస్తే చాలు, తెర మధ్యలో ఒక నీలం పెట్టె. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లుతోంది, కొత్తదానికి అప్‌గ్రేడ్ చేసుకోండి అంటుంది. కింద రెండు బటన్లు. ఒకటి 'ఇప్పుడు', రెండోది 'తర్వాత'. మా ఆవిడ వెర్లీన్ తల పక్కకి తిప్పి, కళ్ళు చికిలించి, వెతికి వెతికి 'తర్వాత' నొక్కుతుంది. మర్నాడు మళ్ళీ అదే భాగోతం.

నాకు ఒళ్ళు మండేది. నా ఒళ్ళు మండటం ఈ దీవిలో కొత్త సంగతేం కాదులెండి. నా అసలు పేరు ఆల్విన్. ఆ పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను. ఇరవై ఏళ్ళప్పుడు రేవులో ఎవడో 'కెటిల్' అన్నాడు, పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాలకే ఈల వేస్తానని. అదే ఖాయమైపోయింది. నార్‌ఫోక్ దీవిలో అందరిదీ ఇదే కథ. ఇంటిపేర్లు పట్టుమని పది కూడా లేవు, పిల్లలకి మళ్ళీ తాతల పేర్లే పెడతారు, ఇక మారుపేరు లేకపోతే ఎవర్ని పిలుస్తున్నారో ఎవరికి తెలుస్తుంది? వెర్లీన్‌కి మాత్రం మారుపేరు లేదు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషికి పేరు పెట్టే గుండె ఎవరికుంది?

"ఆ 'ఇప్పుడు' ఏదో నొక్కి పారెయ్యరాదూ!" అన్నాను ఒకరోజు.

"నొక్కితే నా మాటలు పోతాయి."

"ఏ మాటలు? పొద్దున లేచిన దగ్గర్నుంచీ నన్ను అంటావే, అవేనా? అవెక్కడికీ పోవు. నా దగ్గర భద్రంగా ఉన్నాయి."

ఆవిడ నవ్వలేదు. నా జోకులకి నవ్వకపోవడం మామూలే గానీ, ఆ రోజు పెదవి కూడా కదపలేదు. అప్పుడు పక్కన కూర్చున్నాను.

సంగతేమిటంటే, వెర్లీన్ మా మాట నార్‌ఫుక్‌లో రాస్తుంది. మా తాతల తాతలు సగం ఇంగ్లీషూ సగం తాహితీ కలిపి ఈ దీవికి మోసుకొచ్చిన మాట అది. మేమంతా దాంట్లోనే తిట్టుకుంటాం, దాంట్లోనే ఏడుస్తాం. కంప్యూటరుకి అది రాదు కదా, దానికి వచ్చింది ఇంగ్లీషొక్కటే. అందుకని మా మాట ఏది రాసినా కింద ఎర్రగా ఒక వంకర గీత గీస్తుంది, తప్పు అని. ఎనిమిదేళ్ళ కిందట ఈ కంప్యూటరు కొన్న రోజున వెర్లీన్ మొదటి పేజీ రాసింది. పేజీ అంతా ఎరుపే. చిన్నప్పుడు పైదేశం నుంచి వచ్చి ఏడాది ఉండి పోయిన ఒక మాస్టరు, పిల్లలు ఇంటి మాట రాస్తే కింద ఎర్ర పెన్సిలుతో గీసేవాడు. కాగితం చిరిగేలా గీసేవాడు. ఆ రోజు వెర్లీన్ మొహం చూస్తే ఆ మాస్టరు మళ్ళీ ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడేమో అనిపించింది.

ఆవిడ ఊరుకునే రకమా? ఒక్కొక్క మాట మీదా నొక్కి, 'ఇది సరైన మాటే, నేర్చుకో' అని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిన మాట కింద మళ్ళీ గీత పడదు. రోజుకి రెండు, ఒక్కోరోజు పది. కూర తాలింపు మాడుతుంటే కూడా "ఉండు, ఒక్క మాట" అనేది. అలా ఎనిమిదేళ్ళలో ఆ మొండి పెట్టెకి ఐదువేల పైచిలుకు మాటలు వచ్చాయి. ఈ దీవిలో నార్‌ఫుక్ చదివిన కంప్యూటరు ఏదైనా ఉందంటే అది మా వంటింటి పక్క గదిలోదే.

రెండేళ్ళ నుంచి వెర్లీన్ కళ్ళు పాడవుతున్నాయి. ఏది చూసినా సరిగ్గా మధ్యలో మసక. నా వైపు చూస్తే చెవులు కనిపిస్తాయట, మొహం కనిపించదట. "పోన్లే, మంచి భాగమే కనిపిస్తోంది" అంటుంది. అక్షరాలు వేలెడంత చేసుకుని రాస్తుంది. రాసింది తిరిగి చదవడం మాత్రం కష్టం. తప్పు ఎక్కడుందో చూపించేది ఆ ఎర్రగీతే. మాటలన్నీ దానికి తెలుసు గనక, గీత పడిందంటే నిజంగా వేలు జారిందన్నమాట. ఎరుపు రంగు ఆవిడకి ఓరగా చూస్తే తెలుస్తుంది. అక్కడికెళ్ళి దిద్దుకుంటుంది.

ఇదంతా ఎందుకంటే పుస్తకం కోసం. వాళ్ళమ్మ చెప్పిన కథలు ఇరవైరెండు, బడిపిల్లల కోసం, మా మాటలో. జూన్ ఎనిమిదిన మా పెద్దలు ఈ దీవిలో దిగిన రోజు పండగ చేస్తాం. ఆ రోజుకి పుస్తకం పిల్లల చేతుల్లో ఉండాలని బడివాళ్ళతో ఒప్పుకుంది. బ్రిస్బేన్‌లో అచ్చు వేసేవాళ్ళకి మే పన్నెండులోపు పంపాలి. పద్దెనిమిది కథలయ్యాయి.

"ఇది రాసేస్తే చాలు, ఆ తర్వాత కళ్ళు ఏమైపోతే నాకేం" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. కోపం వచ్చి పెరట్లోకి వెళ్ళి, ఏ పాపమూ ఎరగని చిలగడదుంప మళ్ళని అవసరం లేకపోయినా తవ్వాను.

మే నెల మొదట్లో కంప్యూటరు నిజంగానే మొరాయించింది. మధ్యలో చచ్చి లేచింది. లేచేటప్పుడు పంతొమ్మిదో కథ సగం మింగేసింది. మర్నాడు ఈమెయిల్ పెట్టె తెరవబోతే, ఈ పాత సిస్టమ్‌తో లోపలికి రానివ్వం పొమ్మంది. వెర్లీన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఉంచుకుంటే ఉన్న కథలు కూడా మింగేలా ఉంది. మారిస్తే ఎర్రగీత ఆసరా పోతుంది. మింగలేక కక్కలేక అంటారే, అది.

"చూడూ, నేను ముప్పై ఏళ్ళు పడవల మీద సరుకు దింపాను," అన్నాను. "మనకి ఓడ కట్టే రేవు లేదు. ఓడ దూరంగా నిలబడుతుంది, మనం చిన్న పడవలేసుకుని వెళ్ళి దింపుకోవాలి. అల బాగాలేదని ఒకరోజు ఆగొచ్చు, మూడురోజులు ఆగొచ్చు. నాలుగోరోజు ఓడవాడు మన పిండి బస్తాలతో సహా వెనక్కి పోతాడు. ఆగడం కూడా ఒక నిర్ణయమేనే పిల్లా. ఊరికే జరగదది."

"పడవ తిరగబడితే?"

"అందుకే మొదటి పడవలో పోయినా ఫరవాలేని సరుకు వేస్తాం. మొత్తం సరుకు ఒక్క పడవలో వేసినవాణ్ణి మావాళ్ళు రేవులోకి రానివ్వరు."

"ఇది పిండి బస్తా కాదు కెటిల్. నీకు ఆ పడవ నడపడం వచ్చా?"

రాదు. అదే కదా గొడవ. ఈ దీవిలో అది బాగా వచ్చిన మనిషి ఒకే ఒక్కతి. వెర్లీన్ పిన్నమ్మ కూతురు గేలీన్. సిడ్నీలో పదిహేనేళ్ళు కంప్యూటర్ల పని చేసి తిరిగొచ్చింది. ఆవిణ్ణి 'కామా' అంటారు. ఒకసారి సభలో కామా ఎక్కడ పెట్టాలని గంటన్నర వాదించి టీ చల్లారబెట్టిందిలెండి. ఆ కామాకీ వెర్లీన్‌కీ నాలుగేళ్ళుగా మాటల్లేవు.

పొలం గట్టు కోసమో, పెళ్ళిలో మర్యాద తగ్గిందనో అనుకునేరు. మాట ఎలా రాయాలి అన్నదాని మీద! మా మాటకి నోరుంది గానీ ఖాయమైన రాత లేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాయాలి అంటుంది వెర్లీన్. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటకి ఇంగ్లీషు స్పెల్లింగే ఉంచాలి, పుట్టిల్లు కనపడాలి అంటుంది గేలీన్. 'వాటవే' అని మేం ఎదురుపడితే పలకరించుకుంటాం, బాగున్నావా అని. ఆ పలకరింపు ఎలా రాయాలన్న దగ్గరే వీళ్ళిద్దరూ పలకరింపులు మానేశారు. బడికి చిన్న వాచకం తయారు చేద్దామని కూర్చున్న సభలో గేలీన్ రాతని వెర్లీన్ "టోపీ పెట్టుకున్న కోతి" అంది. గేలీన్ కుర్చీ వెనక్కి తోసి లేచిపోయింది. ఆ కుర్చీ పడ్డ చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

వెర్లీన్‌తో చెప్పకుండా గేలీన్ ఇంటికి వెళ్ళాను. తాటిచెట్ల కింద రాలిన విత్తనాలు అమ్మకానికని గంపలోకి ఏరుతోంది.

"ఏం బావా, దారి తప్పావా?" అంది తలెత్తకుండా.

విషయం చెప్పాను. కళ్ళ సంగతి చెప్పాను. అది గేలీన్‌కి తెలియదు. గంప కింద పెట్టింది.

"అక్క రమ్మందా?"

ఇక్కడ నిజం చెబితే ఆవిడ రాదు. "రమ్మంది," అన్నాను. "గేలీన్ తప్ప ఇంకెవరి చెయ్యీ పడనివ్వను అంది."

"అక్క అలా అనదు."

"అంది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది." అబద్ధం ఆడేటప్పుడు సగంలో ఆగకూడదు.

శనివారం పొద్దున గేలీన్ తన లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. వెర్లీన్ అడుగుల చప్పుడు వినే గుర్తుపట్టింది.

"ఎవరూ, గేలీనా? ఏమ్మా, ఇలా వచ్చావు?"

"మీరే రమ్మన్నారటగా."

మీరు! చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని కాళ్ళతో తన్నుకున్న మనుషులు. ఆ 'మీరు' వినగానే నాకే చలేసింది. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. నేను టీ పెట్టడానికి వెళ్ళిపోయాను.

వంటింట్లోంచి వింటున్నాను. వెర్లీన్, "వచ్చావుగా, కూర్చో. వాడి బుద్ధి నీకు తెలిసిందేగా" అంది. నాలుగేళ్ళ తర్వాత ఇద్దరూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి వచ్చారంటే, అది నన్ను తిట్టడం మీద. నాకేం అభ్యంతరం లేదు.

గేలీన్ కంప్యూటరు ముందు కూర్చుని అటూ ఇటూ వెతికింది. "సిస్టమ్ మార్చొచ్చు. ఈ కంప్యూటరు తట్టుకుంటుంది. కానీ మీరు రాసుకునే ప్రోగ్రాము మరీ పాతది, కొత్తదాంట్లో నడవదు. వేరేది వేస్తాను. దానికి మీ మాటలు తెలియవు."

"అదేగా నా ఏడుపు."

"కాస్త వినండి. మీరు నేర్పిన మాటలన్నీ ఎక్కడో గాల్లో లేవు. ఒక మామూలు ఫైలులో ఉంటాయి, వరసగా, లైనుకి ఒకటి. దాన్ని కాపీ చేసి కొత్తదాని నోట్లో పెట్టొచ్చు. ఇదిగో, దొరికింది."

తెర మీద పొడుగాటి జాబితా తెరుచుకుంది. ఐదువేల మూడువందల చిల్లర మాటలు, అక్షర క్రమంలో. నేను టీ కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎనిమిదేళ్ళు కూర మాడ్చుకుంటూ మా ఆవిడ ఏం చేస్తోందో నాకు ఆ రోజే తెలిసింది. దీవి మాటంతా ఒక్కచోట ఉంది. చేపల పేర్లు, గాలుల పేర్లు, అలిగినవాళ్ళని అనే మాటలు, మా అమ్మ తప్ప ఎవరూ వాడగా నేను వినని మాటలు.

గేలీన్ కిందికి జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది. పైకి వచ్చింది. మళ్ళీ కిందికి వెళ్ళింది.

"ఇదేంటి?"

"ఏది? నాకు కనపడదు, చదువు."

"'వాటవే'. మీ రాతలో ఒకటుంది. సరే. కిందే నా రాతలోనూ ఉంది." ఇంకా కిందికి జరిపింది. "ఇదీ రెండు రకాలు. ఇదీ. ఇక్కడ హెచ్ పెట్టి రాసేది ఈ దీవిలో నేనూ, పోయిన మా నాన్నే. ఇది మీ కంప్యూటర్లోకి ఎలా వచ్చింది?"

వెర్లీన్ కప్పు కోసం చెయ్యి చాపింది. అందించాను. తాగలేదు.

"నువ్వు దీవి పత్రికలో రాసేవి నేను రాసుకునే ప్రోగ్రాములోకి తెచ్చుకుని, పెద్దక్షరాలు చేసుకుని చదివేదాన్ని."

"మీరా? నా రాతలా?"

"తిట్టుకుంటూ చదివేదాన్ని."

"మరి తప్పని తిట్టుకుంటే, సరైన మాటే అని దీనికెందుకు నేర్పారు?"

"తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను. అది టోపీ పెట్టుకున్న కోతే." వెర్లీన్ కప్పు బల్ల మీద పెట్టేసింది. "కానీ నీ పేజీ తెరిస్తే అంతా ఎరుపు. ప్రతి మాట కిందా గీతలే గీతలు. చూడలేకపోయానే. నిన్ను తప్పు అనడానికి నేనున్నాను. మధ్యలో ఈ పెట్టెకేం హక్కు?"

నేను కప్పులు కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. కడగాల్సిన కప్పులన్నీ ఆ గదిలోనే ఉన్నాయని అక్కడికి వెళ్ళాక గుర్తొచ్చింది. ముక్కు చీదుకుని తిరిగొచ్చేసరికి గేలీన్ కుర్చీ వెర్లీన్ పక్కకి జరిగి ఉంది.

"నాలుగేళ్ళక్కా," అంటోంది. "నాలుగేళ్ళు నువ్వు నాతో మాట్లాడలేదు."

'నువ్వు' వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను.

"నువ్వు మాట్లాడావేంటి? కుర్చీ తోసేసి పోయిందెవరు?"

"కోతి అంటే లేవరా మరి?"

"లేస్తారు. కుర్చీ ఎత్తి నిలబెట్టి పోతారు."

ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. రెండూ కలిపి చేస్తున్నారనుకుంటాను. ఆడవాళ్ళకి అది వీలవుతుంది.

ఆ తర్వాత నా పద్ధతే పాటించాం. ఆ మాత్రం గొప్ప నన్ను చెప్పుకోనివ్వండి. మాటల ఫైలు పెన్‌డ్రైవుల్లో మూడు కాపీలు తీయించాను. ఒకటి గేలీన్ దగ్గర, ఒకటి బీరువాలో, ఒకటి నా చొక్కా జేబులో గుండీ పెట్టి. కథలకీ అలాగే. ముందు మా కంప్యూటరు జోలికే పోలేదు. గేలీన్ లాప్‌టాప్‌లో కొత్త సిస్టమే ఉంది గనక, మాటల ఫైలు అందులో వేసి, ఒక్క కథ తెరిచి చూశాం. గీతలు పడలేదు. మొదటి పడవ ఒడ్డుకి చేరింది.

"ఇప్పుడు చెప్పక్కా. నీ ఇష్టం. వద్దంటే మూసేసి ఇంటికి పోతాను, ఏమీ అనుకోను," అంది గేలీన్.

వెర్లీన్ చూపుడువేలు ముందుకి చాపింది. "ఆ బటన్ ఎక్కడుందో నా వేలు అక్కడ పెట్టు. నేనే నొక్కుతాను."

తొమ్మిది నెలల తర్వాత మా ఇంట్లో 'ఇప్పుడు' నొక్కారు.

మా దీవిలో ఇంటర్నెట్ ఆవు నడక నడుస్తుంది. పొద్దున నొక్కితే సాయంత్రం దాకా తెర మీద ఆ వృత్తం తిరుగుతూనే ఉంది. ఇద్దరూ దాని ముందు కూర్చుని, ఇరవయ్యో కథలో వాళ్ళ అమ్మమ్మ సొరచేపని గరిటతో కొట్టిన సంగతి నిజమా కాదా అని వాదించుకున్నారు. నేను చేపలు వేయించి పెట్టాను. ఉప్పు ఎక్కువైందన్నారు, ఇద్దరూ ఒకే గొంతుతో.

చివరికి కంప్యూటరు తెరుచుకుంది. గేలీన్ కొత్త ప్రోగ్రాములో మొదటి కథ తెరిచింది. పైనుంచి కిందిదాకా ఎరుపే. వెర్లీన్‌కి అక్షరాలు కనపడవు గానీ ఆ ఎరుపు కనపడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిడికిట్లో ఇన్నేళ్ళకి తెలిసింది నాకు, చిన్నప్పుడు ఆ మాస్టరు ముందు తను ఎంత భయపడి ఉంటుందో.

"ఆగక్కా, ఇంకా నీ మాటలు వెయ్యలేదు. బావా, ఆ జేబులోది ఇలా ఇయ్యి."

ఇచ్చాను. ఏదో నొక్కింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత పై లైను నుంచి గీతలు ఒక్కొక్కటే మాయం కావడం మొదలుపెట్టాయి. పేజీ తెల్లబడుతూ కిందికి వెళ్ళింది.

"పోయిందా?" అంది వెర్లీన్. "పోయింది కదూ? నాకు తెల్లగా కనిపిస్తోంది."

"రాసిన కథలన్నిట్లో కలిపి తొమ్మిదే మిగిలాయి," అంది గేలీన్. ఆ తొమ్మిదీ చదివి వినిపించింది. ఎనిమిది నిజంగానే వేలు జారిన తప్పులు. దిద్దారు. తొమ్మిదోది, చంటిపిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు వెర్లీన్ వాళ్ళమ్మ అనే మాట. అది వినడమే గానీ దీవిలో అంతకుముందు ఎవరూ రాసింది లేదు. ఎలా రాయాలన్నదాని మీద మళ్ళీ మొదలైంది. మళ్ళీ కుర్చీ పడుతుందేమోనని నేను దగ్గరగా నిలబడ్డాను. పడలేదు. చివరికి కంప్యూటరుకి రెండు రకాలూ నేర్పారు.

చివరి కథలు వెర్లీన్ చెబుతుంటే గేలీన్ టైపు చేసింది, తన రాతలో కాదు, అక్క రాతలో. పళ్ళు కొరుక్కుంటూ చేసింది. పదకొండో తేదీన పుస్తకం బ్రిస్బేన్ వెళ్ళింది. పండగకి రెండురోజుల ముందు అట్టపెట్టెల్లో విమానం దిగింది.

పుస్తకాలు పంచడానికి బడికి వెళ్ళినప్పుడు గేలీన్ ఇంకో పని చేసింది. ఆ మాటల ఫైలుని బడిలో పన్నెండు కంప్యూటర్లలోనూ వేసింది. పిల్లలకి ఎవరూ ఏమీ చెప్పలేదు. మీ ఇంటి సంగతి ఏదైనా ఇంటి మాటలో ఒక వాక్యం రాయండి అన్నారంతే. వెర్లీన్ గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను గోడకి చేరబడ్డాను. కాసేపటికి టియారే అని ఏడేళ్ళ పిల్ల చెయ్యెత్తింది.

"మిస్, నాది పాడైపోయింది."

"ఏమైందమ్మా?"

"ఇంటి మాట రాశాను. ఎర్రగీత రావట్లేదు."

వెర్లీన్ లేచి తడుముకుంటూ ఆ పిల్ల పక్కకి వెళ్ళింది. తెర మీద ఏముందో ఆవిడకి కనపడదు. "ఏం రాశావో చదువు."

"'మా అవ్వ అరటికాయ ముద్దలు చేసింది. నాకు మూడు పెట్టింది.'"

"ఎక్కడా గీత లేదా? సరిగ్గా చూడు."

పిల్ల తెరకి ముక్కు ఆనించి చూసింది. "ఎక్కడా లేదు మిస్."

"అయితే ఏమీ పాడవలేదు. నువ్వు తప్పు రాయలేదు, అంతే."

ఆ పిల్ల ఒకసారి తెర వంక చూసింది, ఒకసారి వెర్లీన్ వంక చూసింది. కుర్చీ ముందుకి లాక్కుని ఇంకో వాక్యం మొదలుపెట్టింది.